కౌలేయక సంజీవని: ఒక చీటీకి టీకా తాత్పర్యం

మూలం: "సంరక్షకులు వ్యాధిగ్రస్త శునకము యొక్క మలమూత్రాది నమూనాలను శుభ్రమైన పాత్రయందు సేకరించి యథాశీఘ్రముగా సమర్పించవలెను."

ఈ వాక్యం ఏ ఒక్క పశువుల ఆసుపత్రిదీ కాదు. మన చీటీల్లోనూ బోర్డుల మీదా కనబడే భాషనంతా ఒక గిన్నెలో పోసి మరగబెడితే అడుగున మిగిలే కషాయం ఇది. కావ్యానికి వ్యాఖ్య కావలసి రావడం కవికి గౌరవం. జబ్బుపడ్డ కుక్క దొడ్డికి కూర్చున్నప్పుడు ఏం చేయాలో చెప్పే కాగితానికి వ్యాఖ్య కావలసి వస్తే ఆ గౌరవం ఎవరికి దక్కుతుందో తెలియదు. మెతుకుసీమ కొలిచెలమ నుంచి వచ్చిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ వ్రతం పట్టాడు. ఈ మూలం దగ్గర ఆ వ్రతం మొదటి పూటే చెడుతుంది. ఇందులో ఉన్నది అక్కరలేదు, అక్కరకొచ్చేది ఇందులో లేదు. అయినా కాళిదాస కావ్యాలకి ఆయన రాసిన వ్యాఖ్య పేరు సంజీవని, ఆముక్తమాల్యదకి వేదం వేంకటరాయశాస్త్రిగారు రాసిన వ్యాఖ్య పేరూ సంజీవనే. ప్రాణం మీదికి వచ్చిన కుక్క విషయంలో ఆ పేరుకి మూడోసారి అర్హత ఉంది. "టీకా వేయించారా?" అని వైద్యుడు అడిగే టీకా వేరు. దాన్ని ఇది భర్తీ చేయదు.

సంరక్షకులు. బహువచనం గౌరవార్థకం. కాగితం పైన గడిలో మాత్రం 'యజమాని పేరు' అని ఉంటుంది. యజమానుడంటే యజ్ఞం చేయించుకునేవాడు. మంత్రం ఋత్విక్కులది, దక్షిణ ఇతనిది, ఫలం తర్వాతెప్పుడో. మందుల చీటీ, సెలైన్, ఆటో బాడుగ తెలిసినవాళ్లెవరూ ఈ మాటని తప్పుపట్టలేరు. కాని బాగయ్యేదాకా, లేదా ఎవరో ఒకరు పెంచుకుంటామని వచ్చేదాకా కుక్కని ఇంట్లో ఉంచుకున్న మనిషి, మనవాళ్లు 'ఫోస్టర్‌కి తీసుకున్నాం' అనే మనిషి, ఆ గడిలో ఏం రాయాలి? తన పేరు రాస్తే అబద్ధం, రాయకపోతే కాగితం కదలదు. దక్షిణ మాత్రం ఇచ్చి యజమాని కాలేకపోయినవాడి గురించి శ్రౌతసూత్రాల్లోనైనా ఏదో ప్రాయశ్చిత్తం ఉండవచ్చునేమో గాని, మన దరఖాస్తుల్లో లేదు.

శునకము. ఇక్కడ కొంచెం ఆగాలి. ధర్మరాజు వెంట నడిచిన కుక్కని ప్రతి ఉపన్యాసకుడూ వేదిక మీదికి లాక్కొస్తున్నాడు గనక దాన్ని వదిలేస్తున్నాను. అమరకోశం కుక్క పేర్లు చెబుతూ మొట్టమొదట కౌలేయకం అంటుంది. సరమ సంతతి కనక సారమేయం, మొరుగుతుంది కనక భషకం, ఇవన్నీ తర్వాత వచ్చేవే. ఈ కౌలేయకం కోసం పాణిని నాలుగో అధ్యాయం రెండో పాదంలో ఒక సూత్రమే కట్టాడు. కుల, కుక్షి, గ్రీవ అనే మూడు మాటల మీద ఒక ప్రత్యయం వస్తుంది, వరసగా కుక్క, కత్తి, నగ అనే అర్థాల్లో మాత్రమే. కౌలేయకం, కౌక్షేయకం, గ్రైవేయకం. ఒకటి ఇంటిని, ఒకటి నడుముపక్కని, ఒకటి మెడని అంటిపెట్టుకుని ఉండేవి. కులం అంటే ఇక్కడ ఇల్లు, వంశం. ఇంటికి చెందినది ఇంకేదైనా అయితే 'కౌలం' అనే మామూలు రూపంతో సరిపెట్టుకోవాలి, 'కౌలేయక' బిరుదు కుక్కకే. అంత పొదుపరి, అర్ధమాత్ర మిగిలితే సంబరపడే వైయాకరణుల కులగురువు, ఇంటికుక్క కోసం సూత్రంలో చోటిచ్చాడంటే, ఇల్లున్న కుక్కా ఇల్లులేని కుక్కా వేరని ఆనాడే తెలుసన్నమాట.

మరి ఇల్లు కాని ఇంట్లో ఉన్న కుక్క కౌలేయకమా, కాదా? శాస్త్రం మౌనం. మామిడితోటల నూజివీడు మాత్రం మౌనంగా ఉండనక్కరలేదు. ఈ సీమలో ఆ మాటకి వేరే వ్యుత్పత్తి చెప్పవచ్చు: కౌలుకి చెందినది కౌలేయకం. కౌలు అరబ్బీ నుంచి మనకి వచ్చిన మాట, మొదటి అర్థం ఇచ్చిన మాట, ఒప్పందం. తోట కాపుని వ్యాపారి గుత్తకో కౌలుకో తీసుకుంటాడు. పూత నిలిచి పిందె కట్టాక కాపలా గుడిసె లేస్తుంది, గుడిసెతోపాటే ఒక కుక్కా వెలుస్తుంది. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి దిగిపోతాయి, కలెక్టరు కాయలు లారీలెక్కుతాయి, తొలకరికి గుడిసె ఎత్తేస్తారు. కుక్క ఎవరి వాటాకి వస్తుందో కౌలు మాటల్లో ఉండదు. ఊరే 2022లో కృష్ణా జిల్లా ఇల్లు విడిచి ఏలూరు జిల్లా పంచన చేరింది. రసాల రుచి మారిందని ఎవరూ అనలేదు. ఇల్లు మారినంత మాత్రాన స్వభావం మారదనడానికి ఇంతకంటే తీపి ప్రమాణం అక్కరలేదు. అందుచేత ఫోస్టర్ కుక్క నిక్షేపంగా కౌలేయకమే. కౌలుదారుడు యజమాని కాడు, కాని పంట పోతే మునిగేది అతనే.

ఇంతకీ కుక్కకి జబ్బు. వ్యాధిగ్రస్తము అన్నారు, ఏ వ్యాధి అనలేదు. చెట్ల కింద, పశువుల పాకల్లో, గోడ పగుళ్లలో ఉండే పిడుదులు కుట్టి ఎర్లీకియా, బాబేసియా లాంటి జ్వరాలు తెస్తాయి. చిగుళ్లు పాలిపోతాయి, తిండి మానేస్తుంది, ఒక్కోసారి ముక్కు వెంట నెత్తురు. బాబేసియాలో ఎర్రకణాలు పగిలి మూత్రం కాఫీ రంగుకి తిరగవచ్చు. కొంకిపురుగులుంటే విరేచనం తారులా నల్లబడుతుంది. అంటే ఆ రంగు చూసినవాడి మాట కూడా సగం పరీక్ష. "ఏ రంగులో ఉందో చెప్పండి" అని చీటీ ఎక్కడా అడగదు.

మలమూత్రాది. ఈ 'ఆది' దగ్గర పండితులు కూడా తడబడతారు. వాంతి ఇందులోకి వస్తుందా? ఊడిన బొచ్చు? నెత్తురు మాత్రం రాదు, అది తీయవలసింది వైద్యుడు. నమూనా అనేది ఈ సంస్కృత సభలోకి ఉర్దూ గుమ్మం గుండా వచ్చిన ఒకే ఒక్క అతిథి, పని చేస్తున్న మాట కూడా అదొక్కటే. శుభ్రమైన పాత్ర అన్నారు. కడిగిన సీసాలన్నీ శుభ్రమైనవే అని గృహస్థు నమ్మకం. మామిడిరసం సీసాని తొలిపి అందులో మూత్రం పడితే పరీక్ష పట్టీ మీద చక్కెర కనబడి, పాపం కుక్క మధుమేహి అవుతుంది. ఆవకాయ డబ్బాలో ఉప్పూ నూనె ఉంటాయి. బ్లీచింగుతో కడిగితే అదీ పట్టీని మోసం చేస్తుంది. నేల మీంచి మట్టితో ఎత్తిన మలంలో మట్టిలో బతికే పురుగులూ ఉంటాయి, భూతద్దం కింద అవి కడుపులోవో తోటలోవో తేల్చడం కష్టం. ఎలుకజ్వరం మూత్రం ద్వారా మనిషికీ అంటుతుంది, కొంకిపురుగు పిల్లలు వట్టి పాదాల్లోంచి ఒంట్లోకి పోతాయి. చేతికి తొడుగు, కాలికి చెప్పు అని రాయడానికి నాలుగు మాటలు చాలు. 'యందు'కీ 'వలెను'కీ చోటు దొరికిన కాగితం మీద వాటికి దొరకలేదు.

యథాశీఘ్రముగా. శీఘ్రానికి కొలత ఏది? మూత్రం అరగంట, గంటలోపు చూడాలి. అలా కుదరకపోతే చల్లగా ఉంచాలి. లేకపోతే సూక్ష్మక్రిములు పెరిగి, కణాలు చితికి, లేని జబ్బు పుడుతుంది. నూజివీడులో తేలనిది గన్నవరం పశువైద్య కళాశాల దాకా పోవాలంటే, రోహిణీ కార్తె ఎండలో స్కూటరు డిక్కీలో ఆ సీసా ఉడికిపోతుంది. మంచుముక్కల పక్కన పెట్టండి అనడం వ్యాకరణ విరుద్ధం కాదు.

శంక: నోటితో చెబుతారు కదా? గేదెలూ దూడలూ వరస కట్టిన ఉదయం ఒక్క వైద్యుడు ఎంతమందికి చెబుతాడు? చెబుతాడనే అనుకుందాం, అప్పుడు చీటీ ఎందుకు? మరో శంక: సభ్యత కోసం గ్రాంథికం తప్పదు, పచ్చిగా రాస్తే బాగుంటుందా? పసిపిల్లలకి మర్యాద నేర్పేటప్పుడు 'ఒంటికి, రెండుకి' అనే భాషలో సభ్యతకి కొదవ లేదు. గంభీరమైన మాట సిగ్గుని కాపాడటం లేదు, రాసినవాణ్ణి కాపాడుతోంది. నమూనా పాడైతే 'శుభ్రమైన పాత్రయందు' అని ముందే రాశాం కదా అంటారు. రెండోసారి పట్టాలి. ఆ రెండు రోజులూ కుక్క తినదు. మూడో శంక, చదువుకున్నవాళ్లకి ఇది అర్థమవుతుందని. అర్థమవుతుంది, నిజమే. గరిటెతో పట్టాలా, గిన్నెతో పట్టాలా అన్నది తప్ప.

తాత్పర్యం: పొద్దున్నే కుక్కని తాడు కట్టి బయటికి తీసుకెళ్లండి. ఒంటికి పోసేటప్పుడు మొదటి ధార వదిలి, పొడవు కాడ ఉన్న గరిటె చాపి పట్టండి. ఆ గరిటె మళ్లీ వంటింట్లోకి రాకూడదు. మందుల షాపులో దొరికే మూత డబ్బాలో పోయండి. రెండుకి కూర్చున్నాక నేలకి తగలని పైభాగం నుంచి నిమ్మకాయంత మరో డబ్బాలోకి తీయండి. డబ్బాల మీద టైమూ, రంగూ రాయండి. చల్లగా ఉంచి గంటలోపు తెచ్చెయ్యండి. కుక్క ఎవరిదని అడగం.