ట్యాబోపాఖ్యానము: ఒక పద్యమునకు వ్యాఖ్య

అవతారిక: ఐదు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుండి ఎవరి పాఠము వారు చదువుకొనుచున్న బడికి దాత యొకడు వచ్చి, "ట్యాబులు కొనిపెట్టెదను, ఏ కంపెనీవి కావలెను?" అని యడిగెను. అప్పుడు టీచరమ్మకు కవి చెప్పిన హితవు ఇది.

తే.గీ.
తెరను జూడకు మున్ముందు, దృష్టి నిడుము
బ్యాటరీమీద, జారిన పగలనట్టి
తొడుగుపైనను, నెట్లేక దొరకు పాఠ
ములను వెదకుము, మిగిలిన ముచ్చటేల?

టీక: తెరను = పెట్టెమీద పెద్దక్షరములతో అచ్చువేసిన అంగుళములను; మున్ముందు = దుకాణములో కాలుపెట్టినంతనే; చూడకు = చూచి మురియకుము; బ్యాటరీమీద = ప్రార్థన గంట మొదలు ఇంటిగంట దాక నిలువవలసిన దానిమీద; జారిన = రెండవ తరగతివాని చేతినుండి జారినను (జారుట తథ్యము, ఎప్పుడనుటయే సందేహము); పగలనట్టి తొడుగుపైనను = మందపు రబ్బరు కవరుమీదను; దృష్టి నిడుము = చూపు నిలుపుము; నెట్లేక = సిగ్నలుకై మేడ యెక్కకయే; దొరకు పాఠములను = ముందే లోపల నింపియుంచిన పాఠములను; వెదకుము; మిగిలిన ముచ్చట = కెమెరాకు మెగాపిక్సెళ్లెన్ని, ఒంటిరంగు వెండియా బూడిదయా అను ప్రసంగము; ఏల = ఎందులకు?

తాత్పర్యము: ట్యాబు గుణము పెట్టెమీద లేదు, అది వాడబడు గదిలో ఉన్నది. గదిని చూడక ట్యాబును చూడరాదు.

విశేషములు:

1. మదనపల్లె చెంత ఋషివ్యాలీవారు గ్రామ బడులకై రూపొందించిన బహుళతరగతి పద్ధతిలో పాఠము కార్డులుగా విడిపోవును. పిల్లవాడు అభ్యసన నిచ్చెనపై తన మెట్టు చూచుకొని, తగిన కార్డును తానే తెచ్చుకొనును. అట్టి గదిలో ట్యాబు మరియొక కార్డు మాత్రమే. కావున తలకొకటి అక్కరలేదు, నలుగురికొకటి చాలును. అయితే ఆ నలుగురి పేర్లును, ఎవరెంతవరకు వచ్చిరో ఆ లెక్కయు వేర్వేరుగా దాచగల పాఠపు యాప్ ఉండితీరవలెను.

2. "నలుగురు మూగు ట్యాబునకు తెర పెద్దది కావలదా?" అని పూర్వపక్షము. కావలెను. అందుకే కవి "ఎన్నడును" అనక "మున్ముందు" అనెను. ఎందరు కలిసి చూతురో తేలిన పిదప అంగుళముల మాట.

3. బ్యాటరీ లిథియముది, వేడి దానికి శత్రువు. వేసవి సెలవులకు నిండు ఛార్జితోగాని, పూర్తిగా ఖాళీచేసిగాని బీరువాలో పెట్టినచో చిక్కిపోవును. సగము ఛార్జితో చల్లనిచోట ఉంచవలెను.

4. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతివారికి ట్యాబులిచ్చినప్పుడు పాఠములను ముందే నింపి యిచ్చుట "నెట్లేక" అనుదానికి ఉదాహరణము. కొలిబ్రి అను ఉచిత సాఫ్ట్‌వేరు మరియొక దారి. గదిలో ఒక చిన్న కంప్యూటరులో పాఠములుంచినచో, బయటి నెట్ లేకయే చుట్టునున్న ట్యాబులకు అందును.

పాఠాంతరము: టెండరు కాగితములలో "ధరను జూడుము మున్ముందు" అని కనబడుచున్నది. గణము సరిపోయినను ధ-దృలకు యతి చెడినది. ధరనే ముందు చూచుటకు ఉదాహరణము: 2011లో ఢిల్లీలో విడుదలైన ఆకాశ్ ట్యాబు చౌకదనమునకే పేరుగాంచినది. 256 ఎంబీ ర్యామ్, 2100 ఎంఏహెచ్ బ్యాటరీ. తెరను తాకిన చాలదు, నొక్కవలెను. కావున ఈ పాఠాంతరము గ్రాహ్యము కాదు.

ఛందోవిశేషము: రెండవ పాదమున బ్యా-పలకు మైత్రి: బ్యాటరీ ఎంతటిదైనను పగిలినచో వ్యర్థమని ధ్వని. మూడవ పాదమున తొ-దొలకు మైత్రి: తొడుగు దొరకు మోడలునే కొనుమని ధ్వని. బజారులో కవరుగాని విడి తెరగాని దొరకని అరుదైన మోడలు ఎంత చౌకయైనను వలదు.

ఫలశ్రుతి: ఈ పద్యము చదివి, మొదట ఒక్క ట్యాబునే కొని, వారము దినములు పిల్లలకు విడిచి, వారు దానిని ఎక్కడ జారవిడిచిరో, ఏ మీట తెలియక టీచరమ్మను పిలిచిరో వ్రాసికొని, ఆపై మిగిలినవి కొను బడికి ట్యాబులు బీరువాలో నిద్రించు దోషము కలుగదు. దాతకు ఫొటో తొందరయైనచో ఆ ఒక్కదానితోనే తీయించి పంపవలెను.