తల నెరిసింది గానీ...

మగవాడికి అద్దంతో పనేముందని అనేవాళ్లు ఒకసారి కిష్టారెడ్డిపేటలో ఆగి ఉన్న బైకుల అద్దాలు చూడాలి. సగానికి సగం నా మొహం వైపు వంచి ఉంటాయి. పటాన్‌చెరులో ఉద్యోగం చేసినన్నాళ్లూ నా తల కంపెనీ హెల్మెట్ సొత్తు. దాని కింద అంగుళం క్రాపు, నెలనెలా నల్లరంగు. రిటైరవగానే రంగు మానేశాను, ఆ వెనకే కటింగ్ షాపూ మానేశాను. అడిగినవాళ్లకి "ఈ వయసులో ఇంకా సోకులెందుకండీ, ఉన్నది ఉన్నట్టు ఉండనిద్దాం" అని వేదాంతం చెప్పాను.

పచ్చి అబద్ధం. తెల్లజుట్టు భుజాల మీద పడితే పెద్ద చిత్రకారుడిలా కనిపిస్తానని, అంత కాకపోయినా ఏ నాటక సమాజానికో అధ్యక్షుడనుకుంటారని ఆశ. మీకూ ఏ మూలో ఇలాంటి ఆశ ఒకటి ఉండే ఉంటుంది. మీరు బయటపడలేదు, నేను పడ్డాను.

జుట్టు పెరిగింది. కిరాణా షాపాయన "తిరుపతి మొక్కా సార్?" అని అడిగాడు. ఇంటి పక్క పిల్లలు నాకు పెట్టిన పేరు మా ఆవిడకి తెలుసట, చెప్పదు. బీరంగూడ గుట్ట మీద మల్లికార్జునస్వామి గుడి మెట్ల దగ్గర చెప్పులు విప్పుకుంటుంటే ఎవరో పెద్దావిడ నన్ను స్వామీజీ అనుకుని కాళ్లకు దండం పెట్టింది. ఆమెను వారించాల్సింది పోయి, చెయ్యెత్తి దీవించాను. ఆ దీవెన ఆమెకు తగిలిందో లేదో గానీ నాకు మాత్రం తగిలింది.

ఎందుకంటే జుట్టు భుజాల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. పండగలు వస్తున్నాయి పోతున్నాయి, జుట్టు మాత్రం అంగుళం కదలదు. పైగా దిండు మీద తెల్ల తునకలు, చొక్కా కాలరు మీద తెల్ల తునకలు, ఒకరోజు పప్పుచారులో కూడా. ఊడిపోతోందని హడలిపోయాను. తప్పు ఎవరిదని మాత్రం ఆలోచించలేదు, ఎందుకంటే జవాబు తయారుగా ఉంది: పటాన్‌చెరు. నక్కవాగు కాలుష్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ప్రాంతంలో ఉంటూ నా బట్టతలకి వేరే ముద్దాయిని వెతకడం దేనికి? గాలిని తిట్టాను, వాగును తిట్టాను, చివరికి మా బోరుని తిట్టాను. బోరుకి ఆ తిట్టు కొంత చెల్లుతుంది లెండి. బకెట్టు అంచున సున్నంలా తెల్లటి పొర కట్టే నీళ్లవి. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం వెంట్రుక మీద కూడా పేరుకుని గరుకుగా చేస్తాయి. మిగతా నేరమంతా ఒకడిదే, వాడు ఆ నీళ్లు పోసుకుంటూ పాటలు పాడుతున్నాడు.

వైద్యం మొదలుపెట్టాను. ఉల్లిపాయ రసం, మెంతిపిండి, మందారాకు, పుల్లపెరుగు, ఎవరేం చెబితే అది. అన్నీ కుదుళ్లకే. రోజూ మాడు పట్టి పిసకడమే. మా ఆవిడ వంటింట్లో మెంతుల డబ్బాకి కాపలా కాసింది.

ఇక అసలు సిగ్గు కథకి వస్తాను. రాలిన తునకలన్నీ ఒక క్యారీబ్యాగులో దాచాను, చర్మం డాక్టరుకి చూపిద్దామని. ఒక ఆదివారం పొద్దున మా గల్లీలోకి ఎక్సెల్ బండి మీద స్టీలు గిన్నెలు వేలాడేసుకుని "ఎంటికలు కొంటం, చిక్కు ఎంటికలు కొంటం" అని మైకు పెట్టుకున్న అతను వచ్చాడు. నాకు బుర్ర పాదరసంలా పనిచేసింది. ఇది మామూలు జుట్టా, వెండిజుట్టు! విదేశాలకి ఎగుమతయ్యే సరుకు! రబ్బరుబ్యాండు పీకేసి, జుట్టు విరబోసుకుని, పిల్లిగడ్డం లేకపోయినా ఉన్నట్టు నిమురుకుంటూ గేటు దగ్గరికి వెళ్లాను. అప్పటికే నలుగురు ఆడవాళ్లు తమ తమ పొట్లాలతో నిలబడి ఉన్నారు. నన్ను చూసి తప్పుకుని దారిచ్చారు, నేనది గౌరవమనుకున్నాను. సంచీ అందించి, "ఇది కొంచెం స్పెషల్ బాబూ, చూసి రేటు కట్టు" అన్నాను. అతను నా తలవైపు చూడనన్నా చూడలేదు. సంచీలోంచి చిటికెడు తీశాడు, వెలుగుకి పట్టాడు, ఒక్కో తునకా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాడు, మళ్లీ సంచీలో పడేశాడు, నవ్వాడు.

"ఇట్ల నలిపితే ఎంటిక కుదురు దిక్కుకే జరుగుతది సార్. ఊడిన ఎంటికకు ఆ కొసకు సన్నగ తెల్ల గడ్డ ఉంటది. మీ దాంట్ల ఏడ సూసినా లేదు. ఇయి ఊడినయి గావు, ఇరిగినయి. ఇంతకు ఏం జేస్తున్నరు సార్ దీన్ని?"

నలుగురు ఆడవాళ్లలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో ఆమెకి ఆ ఓపిక కూడా లేకపోయింది. రేటు సంగతి అడిగితే, పొడుగు లేనిదానికి రేటు లేదన్నాడు. తిరుమల కల్యాణకట్టలో తీసిన జుట్టు కుదురు ఒకవైపు, కొస ఒకవైపు ఉంటుంది గనక దేవస్థానం వేలంలో ధర పలుకుతుంది. ఇళ్లలో దువ్వెనకొచ్చిన చిక్కుజుట్టు కూడా వృథా పోదు, కర్ణాటకలో కొప్పళ పక్కన భాగ్యనగర్‌లాంటి చోట్ల ఆడవాళ్లు కూర్చుని ఒక్కో పోగూ విడదీస్తారు. నా సరుకు ఆ తరగతికీ చాల్లేదు, ఈ తరగతికీ చాల్లేదు. చివరికి జాలిపడి ఒక సూదుల ప్యాకెట్ చేతిలో పెట్టి బండి స్టార్ట్ చేశాడు. జీవితంలో నేను చేసిన ఏకైక ఎగుమతి వ్యాపారం అది.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం సయించలేదు గానీ లెక్క మాత్రం బోధపడింది. వెంట్రుక నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. అంటే నా భుజం మీద పడుతున్న కొస మూడేళ్ల పైబడ్డది, అది తలలోంచి బయటికొచ్చేనాటికి నేనింకా మాస్కు పెట్టుకుని తిరుగుతున్నాను. అప్పట్నుంచీ నా వెధవ పనులన్నిటికీ సాక్షి ఆ కొస. కుదురు పాపం తన పని తాను చేస్తూనే ఉంది, పైన పెరిగినంతా కింద విరిగిపోతోంది. నేనేమో పచ్చగా ఉన్న కుదురుకి మెంతులు తినిపించి, చచ్చిపోతున్న కొసని గాలికొదిలేశాను. గాలికి అంటే నిజంగా గాలికే. హెల్మెట్ కింద నుంచి జుట్టు ఎగురుతుంటే వెనక కారువాళ్లు చూస్తారని, ముడి వేసుకోకుండా ఔటర్ సర్వీసు రోడ్డు మీద సుల్తాన్‌పూర్ దాకా వెళ్లొచ్చేవాణ్ణి, ఏ పనీ లేకపోయినా. ఇంటికొచ్చేసరికి అదంతా చిక్కు. ఆ చిక్కుని తలస్నానం చేసిన వెంటనే, తడిమీద, సన్నపళ్ల దువ్వెనతో మాడు నుంచి కిందికి ఒక్క గుంజు. తడిసిన వెంట్రుక సాగుతుంది, బలం తగ్గుతుంది, అప్పుడు లాగితే తెగుతుంది. ముడికేమో టిఫిన్ సెంటర్ చట్నీ ప్యాకెట్లకి చుట్టిన రబ్బరుబ్యాండు. దాన్ని తీసినప్పుడల్లా చుట్టూ నాలుగైదు వెంట్రుకలు వెంట వచ్చేవి. ఆరబెట్టడం మిట్టమధ్యాహ్నం డాబా మీద, నలుగురూ చూసేలా. నల్లదనమిచ్చే మెలనిన్ ఎండ నుంచి వెంట్రుకని కొంత కాపాడుతుంది, తెల్లవెంట్రుకకి ఆ గొడుగు లేదు. వయసుతో మాడులో నూనె ఊరడమూ తగ్గుతుంది. ఇవన్నీ తర్వాత చదువుకున్నాను లెండి. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, చదవాల్సింది ఎప్పుడూ కొంపమునిగాకే చదువుతాను.

ఆ వారంలోనే జోగిపేట నుంచి మా అక్క వచ్చింది. డెబ్బై దాటింది, నడుము దాకా తెల్లటి జడ, ఒక్క చీలిక ఉండదు. ఆ జడని నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను, ఎలా ఉంచుకుంటావక్కా అని ఒక్కసారీ అడగలేదు. నేను తువ్వాలుతో తల రుద్దుకుంటుంటే గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏందిరా తమ్మీ గది? పాత పట్టుచీరెను ఎవలన్న బండకేసి బాదుతరా?"

కూర్చోబెట్టి చూపించింది. తువ్వాలు కాదు, మెత్తబడ్డ పాత పంచె, రుద్దడం కాదు, అద్దడం. కాస్త ఆరాక వేళ్లతో చిక్కు తీయడం, అదీ కింద కొసల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి రావడం. ఆ తర్వాతే దువ్వెన, అదీ ఎడంపళ్లది. తలంటుకి ముందురోజు కొబ్బరినూనె, కుదుళ్లకంటే కొసలకి ఎక్కువ. కుంకుడు రసం మాడుకే, కిందికి కారింది చాలు. పడుకునేటప్పుడు వదులుగా జడ.

నేను ఊరుకుంటానా, "నూనె లోపలికి పోదక్కా, పైపైన మెరుపే" అని సైన్సు చెప్పాను. అక్క నా మొహం చూసి ఇంకో చుక్క వేసింది. రాత్రి ఫోన్లో వెతికితే 2003లో జర్నల్ ఆఫ్ కాస్మెటిక్ సైన్స్‌లో వచ్చిన పరిశోధన కనపడింది. కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ ఆయిల్ మూడింటినీ పోలిస్తే వెంట్రుకలోని ప్రోటీన్ పోకుండా ఆపింది కొబ్బరినూనేనట, అందులోని లారిక్ ఆమ్లం లోపలికి దూరగలదు గనక. పరిశోధించినవాళ్లు కొబ్బరినూనె అమ్మే మారికో కంపెనీవాళ్లే అని చూసి కొంచెం ఊరట కలిగింది. అయినా అక్క జడ ముందు ఆ పాయింటు నిలబడలేదు, నేను ఎత్తనూ లేదు.

ఇప్పుడు నాలుగు వేళ్ల మేర కొసలు కత్తిరించేశాను. తునకలు తగ్గాయి, తగ్గిన పొడుగు తిరిగొస్తోంది. జడ వేసుకునే పడుకుంటున్నాను. దానివల్ల ఒక చిక్కొచ్చింది. తెల్లవారుజామున పాలప్యాకెట్లు వేసే కుర్రాడు వెనకనుంచి చూసి "అమ్మమ్మా, చిల్లర ఇయ్యవా" అన్నాడు. తిరిగి చూశాక చిల్లర తీసుకోకుండానే వెళ్లిపోయాడు, ఇప్పటికీ బాకీ.

బుద్ధొచ్చిందనుకుంటున్నారా? నూలు గలీబు జుట్టుని రాస్తుందనీ, పట్టుదైతే జారుతుందనీ మొన్న ఎక్కడో చదివాను. బజార్లో పట్టుగలీబు ధర చూశాను. తర్వాత మా ఆవిడ బీరువా వైపు చూశాను, అందులో మా పెళ్లినాటి గద్వాల చీర ఉంది. నేను నోరు కూడా తెరవలేదు. ఆ సాయంత్రం నుంచి బీరువా తాళంచెవి ఆమె మంగళసూత్రానికి కట్టి ఉంటోంది.