కరువునకు నామకరణము

సముద్రమును భూగోళ పటములో తప్ప ఎరుగని ముదిగుబ్బవంటి ఊరిలో పుట్టి, ధర్మవరము–పాకాల దారిలో వచ్చిపోవు రైళ్ళ కూతలు తప్ప వేరు ఘోష వినక పెరిగిన మానవుడు, జీవితమున ఒక్కమారైనను కోస్తా మండలములలో సంచారము చేసి తీరవలెనని నా దృఢాభిప్రాయము. కొబ్బరితోటలను, పంటకాలువలను చూచుటకు కాదు. అవి ఏ సినిమాలోనైనను నాయికానాయకుల వెనుక దండిగా కనబడును. ఆ సీమలో మనుష్యులకే కాక ఉపద్రవములకు సైతము నామధేయమును, ప్రయాణ మార్గమును, రాకపోకల వేళలును, ఎదురేగు మర్యాదలును గలవను సంగతిని కన్నులార కనుటకై పోవలెను.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరి, మరుసటి యేడు గంజాము, రాజమహేంద్రవరము, నెల్లూరుల మీదుగా తిరిగి వచ్చుచు, మజిలీ మజిలీకిని దారులను, సత్రములను, అచటి జనుల ఆచారములను వ్రాసికొనిరి. నేటి యాత్రికునకు అంత శ్రమ యక్కరలేదు. తుఫానులను బట్టియే ఊళ్ళను గుర్తుపట్టవచ్చును. శ్రీకాకుళము వారు 2018 అక్టోబరునాటి తిత్లీని తలచుకొందురు. విశాఖపట్టణము వారు 2014 అక్టోబరు 12వ తేదీని చెప్పి, హుద్‌హుద్‌కు ముందు, హుద్‌హుద్‌కు తరువాత అని కాలమును విభజింతురు. కోనసీమ వారికి పెథాయ్ గలదు. బాపట్ల వారికి 2010లో లైలాయు, 2023లో మిచౌంగును, ఒకదాని తరువాత నొకటి, విచ్చేసినవి. ఈ నామములను 2004 నుండి ఉత్తర హిందూ మహాసముద్రపు దేశములు కూడబలుక్కొని పెట్టుచున్నవి. ఇప్పుడు ఆ సభలో పదమూడు దేశములు గలవు. హుద్‌హుద్ ఒమాను వారిది, పెథాయ్ థాయిలాండు వారిది, లైలా, తిత్లీలు రెండును పాకిస్తాను వారివి. క్రికెట్టు విషయమున కుదరని సఖ్యము తుఫాను విషయమున కుదిరినదన్నమాట! పేరు పొట్టిగా ఉండవలెనట, పలుకుటకు తేలికగా ఉండవలెనట, ఎవరి మనస్సును నొప్పింపరాదట. ఇక రేవులలో ఎగురవేయు ప్రమాద సూచికలకు ఒకటి మొదలు పదునొకటి వరకు అంకెలును గలవు.

ఈ గౌరవము తీరవాసులకు ఊరక దక్కినది కాదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనకు ఇట్టి పేరు లేదు. 1996 నవంబరులో కోనసీమను ఊడ్చిన తుఫానుకును లేదు. వేలకొలది ప్రాణములు పోయిన పిమ్మట గదా హెచ్చరికలు పదునెక్కినవి, ఆశ్రయ భవనములు లేచినవి. అందుచేత నేను ఆ సీమవారిని చూచి అసూయపడువాడను కాను. వారి విపత్తునకు లభించిన హోదాను చూచి మాత్రమే అసూయపడుచున్నాను.

సఖినేటిపల్లి రేవున, నరసాపురము పోవు పంటు కొరకు నిలిచియుండగా, ఒక పెద్దమనిషి నన్ను పలుకరించెను.

“తమరిదే ఊరండీ?”

“అనంతపురం దిక్కు సామీ, ముదిగుబ్బ.”

“అక్కడ తుఫానులొస్తాయాండీ?”

“రావు సామీ.”

“అదృష్టవంతులండీ, ఆయ్! మరేటొస్తాయండీ?”

“ఏమీ రాదు సామీ. అదే మా బాధ.”

ఆయన నా వంక జాలిగా చూచి, ఇది పరిహాసమో ప్రమాదమో తేల్చుకొనలేక, పంటు ఎక్కెను.

ఆయన తప్పేమున్నది? నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగింపగా, ఈశాన్య మేఘములు కోస్తాలోనే బరువు దించుకొని రాగా, సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, అదియు విత్తనము వేయునాడు రాక కోతనాడు వచ్చు వానతో, వేరుశనగను నమ్ముకొని బ్రతుకు సీమ మాది. 2022లో మమ్ములను అనంతపురము నుండి విడదీసి శ్రీ సత్యసాయి జిల్లాలో చేర్చిరి. మేఘములకు ఆ గెజిట్టు ఇంకను అందినట్లు లేదు. తుఫానునకు కన్ను గలదు, కరువునకు లేదు. తుఫాను తీరము దాటును. కరువు ఏదియు దాటదు, ఊరిలోనే కాపురముండును. వానకోటు తొడిగి, స్తంభమును పట్టుకొని, గాలికి ఊగుచు వార్త చెప్పు టీవీ విలేఖరి మా శెనక్కాయ చేనిలో నిలుచుండి ఏమి పట్టుకొనగలడు? మంత్రివర్యులు హెలికాప్టరు నుండి చూచినచో వరద కనబడును గాని, ఎండిన బోరుబావి కనబడునా? తుఫాను వచ్చినదని ఋజువు చేయనక్కరలేదు; కరువు వచ్చినదని మాత్రము వర్షపు లోటును, వానకును వానకును నడుమనుండు ఎడమును, సాగు విస్తీర్ణమును కాగితములపై నిరూపించి, కరువు మండలముల జాబితాలో స్థానమునకై వేచియుండవలెను. 2011లో కోనసీమ రైతులు సేద్యము గిట్టుబాటు కాదని పంట విరామము ప్రకటించినపుడు దేశమంతయు నివ్వెరపోయినది, పోవలసినదే. మాయొద్ద ఆ ప్రకటనను ఆకాశమే చేయును గనుక అందు వార్త లేదు.

కరువునకు పేరు పెట్టు ఆచారము మనకు లేకపోలేదు. నందన నామ సంవత్సరమున, అనగా 1832–33లో, గుంటూరు సీమను పీడించిన క్షామము నందన కరువుగా, డొక్కల కరువుగా నేటికిని తెలియును. కోస్తాలోని ఆ కరవుకాటకములను చూచిన దొరతనమువారు మేల్కొనగా, కాటన్ దొర పూనికతో 1852 నాటికి ధవళేశ్వరమున ఆనకట్ట లేచినది; 1855 నాటికి బెజవాడలో కృష్ణకును లేచినది. 1876లో ధాత కరువు మా దత్తమండలములను కాల్చినది. దానినిగూడ దొరతనమువారు ఉపేక్షింపలేదు. క్షామ కమిషనును నియమించిరి, 1880లో ఆ కమిషను నివేదిక నిచ్చెను, పిమ్మట క్షామ కోడులు వెలువడినవి. కోస్తాకు ఆనకట్ట, మాకు కోడు! ఆనకట్ట నీటినిచ్చును, నీరు లేనపుడు ఏ ఉద్యోగి ఏ రిజిస్టరులో ఏమి వ్రాయవలెనో కోడు చెప్పును. తరువాతి కాలమున తుంగభద్ర ఎగువ కాలువయు, శ్రీశైలము నుండి మెట్టుమెట్టుగా ఎత్తిపోయవలసిన హంద్రీ–నీవాయు వచ్చిన మాట నిజమే. కాని పల్లమెరిగిన నీటిని మిట్టకు నడిపించుటకు కరెంటు కావలెను, అంతకు మించి జ్ఞాపకశక్తి కావలెను.

కావున ప్రభుత్వమువారికి సవినయముగా మనవి చేయుచున్నాను. ఇకమీదట ప్రతి కరువునకును జూన్ మాసముననే పేరు పెట్టుడు. ఇందుకై పదమూడు దేశముల సభ యక్కరలేదు. ప్రభవాది అరువది నామములు పంచాంగములో సిద్ధముగా నున్నవి. పేరు పెట్టినచో హెచ్చరిక సంఖ్య ఏర్పడును. సంఖ్య ఏర్పడినచో కంట్రోలు రూము తెరువబడును. అది తెరచిన పిదప ఫోను తీయు మనిషి నొకనిని కూర్చుండబెట్టక తప్పదు. పరిహారమునకు తేదీయు చెప్పక తప్పదు. పేరులేని ఉపద్రవము ఫైళ్ళ దొంతరలో ఎప్పుడును అడుగుననే ఉండును. కాలువ త్రవ్వుటకు కోట్లు కావలెనని మీరనుచున్నారు గదా. పేరు పెట్టుటకు కానియైనను ఖర్చు కాదు. ముందు దానితోనే ఆరంభింపుడు.