ఆకు రాలని ఊళ్లో ఆటమ్ బ్రంచ్

దసరా సెలవులు వచ్చాయో లేదో, ఫోను తెరిస్తే కడప కారం దోశే. అదీ ఉత్త దోశ కాదట, 'ఆటమ్ బ్రంచ్' అట. బల్ల మీద ఓ గుమ్మడికాయ, నాలుగు ఎండుటాకులు, నడుమ దోశ. కర్నూల్లో ఈ నెల ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా తడుస్తుంది. ఆ రాలిన ఆకులు ఏ అంగట్లో కొన్నారో! ఇక బ్రంచ్ అంటారా, పదకొండు గంటలకు పొద్దుటి టిఫిను ఉగ్గాని అడిగితే మన హోటలాయన ఎగాదిగా చూసి, 'సంగటి అయితాంది, కూచో అన్నా' అంటాడు.

పోనీలే, ఎవరి సరదా వాళ్లది. నాకు ఒళ్లు మండేది ఆ 'రహస్యం' దగ్గర. ప్రతి వీడియోలో ఒక రహస్యం ఉండి తీరాలి. ఒకామె పిండిలో అటుకులు వేయమంటుంది. ఒకాయన చెంచాడు చక్కెర అంటాడు. ఇంకొకరికి రవ్వ. అదీ తలుపు గడియ పెట్టి వచ్చి చెవిలో ఊదినట్టు చెబుతారు.

కడపలో దోశ మాస్టరు పదిమంది కళ్లెదుటే పోస్తాడమ్మా. పెనం మీద నీళ్లు చల్లుతాడు. చుయ్యిమనగానే చీపురుతో ఊడుస్తాడు. సగం కోసిన ఎర్రగడ్డతో నూనె రుద్ది, పిండి తిప్పి, ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి, నెయ్యి పోస్తాడు. ఎర్రకారమంటే ఎర్రగడ్డలు, ఒట్టి మిరపకాయలు, తెల్లగడ్డలు, ఉప్పు. పక్కన బొంబాయి చట్నీ. ఇందులో దాచిందేముంది?

మీ దగ్గర లేనిది ఆ పెనం. మందపాటి ఇనుప పలక, తెల్లారకముందు ఎక్కిన సెగ, దోశ మీద దోశ పడి నల్లగా తేలిన నునుపు. మీ నాన్‌స్టిక్ పెనాన్ని అంత కాలిస్తే పూత లేచిపోతుంది. కాల్చకపోతే దోశ ఉడుకుతుంది గానీ కాలదు. రంగు రాదు కాబట్టి చక్కెర, కరకర రాదు కాబట్టి రవ్వ. పెనానికి లేని సత్తువను పిండిలో కలుపుతూ, దానికి రహస్యమని పేరు!

ఉగ్గానిలో ఆలివ్ నూనె పోసినాయన జోలికి నేను పోను.

కానీ ఒకమ్మ కర్నూల్లోనే కూర్చుని అన్న మాట మాత్రం మింగుడు పడలేదు. 'ఎర్రకారానికి మామూలు ఉల్లి పనికిరాదు, షాలట్స్ తెప్పించుకోండి' అంది. ఏ ఊళ్లో ఉన్నావు తల్లీ? 2025 సెప్టెంబరులో ఇదే కర్నూలు మార్కెట్ యార్డులో ఎర్రగడ్డల్ని అడిగే నాథుడు లేడు. క్వింటా 1,200 రూపాయలకు ప్రభుత్వమే కొంటానని దిగినా రైతు ఒడ్డున పడలేదు. చివరికి కర్నూలు, కడప రైతులకు హెక్టారుకు 50,000 ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. కోత కూలి, బండి బాడుగ కూడా రాని పంటను పొలంలోనే దున్నేసిన వాళ్లున్నారు. నీ వంటింటికి ఆ వాసన కూడా తగల్లేదా?

చిన్న ఉల్లే కావాలంటే కడప జిల్లాలో కృష్ణాపురం ఉల్లి పండుతుంది. ఘాటెక్కువని మనవాళ్లు వంటకు పెద్దగా వాడరు. అది సింగపూరు, మలేసియా దారి పట్టాల్సిన సరుకు. ఉత్తరాదిలో ఉల్లి ధర మండినప్పుడు ఢిల్లీ ఎగుమతి ఆపేస్తుంది. ఆ ఢిల్లీలో ఎవరూ తినని ఈ ఉల్లి కూడా దాంతోపాటే ఆగిపోతుంది. 2019లో ఆగింది. 2020లో మళ్లీ ఆగితే, అక్టోబరులో 10,000 టన్నులకు మాత్రం చెన్నై రేవు మీదుగా దారి వదిలారు. ఆ ఘాటుకు మన రైతు ఏడ్చినన్నాళ్లు ఏ వీడియోలోనూ ఎర్రకారం ఊసు లేదు.

ఇప్పుడు మీకు ఎర్రకారం కావాల్సి వచ్చింది కాబట్టి, ఎండుటాకులు అమ్మిన అంగడికి కాదు, యార్డుకు పదండి. కిలో లెక్క కాదు, బస్తా తీసుకోండి. బేరమాడకండి. ఆటో బాడుగ మీరే పెట్టుకోండి.