వైరస్‌కూ ఓ వర్క్‌షాపు

హెచ్ఐవీకి చికిత్స చేసే ఏఆర్‌టీ సెంటర్లలో మందుల లెక్క కుదరడం లేదంటే ఏలినవారు కనిపెట్టిన విరుగుడు చూశారుగా: సిబ్బందికి మళ్ళీ శిక్షణ! ఎవరికి ఏ మాత్ర ఎన్ని ఇచ్చారో కంప్యూటర్లో ఎలా ఎక్కించాలో ఫార్మసిస్టుకూ, నర్సుకూ, డేటా మేనేజరుకూ ఇంకోసారి నేర్పుతారట. బ్యానరు కడతారు, జ్యోతి వెలిగిస్తారు, ప్రీటెస్టు పెడతారు, భోజనాలయ్యాక పోస్ట్‌టెస్టు పెట్టి సర్టిఫికెట్ చేతికిస్తారు. అంతా బాగుంది గానీ అసలు కక్షిదారును పిలవడం మరిచారు. హెచ్ఐవీ గారిని!

దానికీ మూడు రోజుల శిక్షణ ఇప్పించాలని నా మనవి. పై ఆఫీసు నుంచి సర్క్యులర్ వెళితే రాక ఏం చేస్తుంది?

మొదటి రోజు పాఠం, ఆగడం. తెర మీద చక్రం తిరుగుతున్నంతసేపూ వైరస్ కదలకూడదు. మందు పడని ఒంట్లో రోజుకు వందల కోట్ల చొప్పున పుట్టుకొచ్చే జాతి అది. ఆఫీసు మర్యాదలు తెలియవు. సర్వర్ పడిపోయినా, కరెంటు పోయినా, పాస్‌వర్డ్ గడువు తీరినా ఎక్కడిదక్కడ చేతులు కట్టుకుని నిలబడాలని నేర్పాలి. క్యూలో ఉన్న రోగికి ఈ విద్య ఎప్పుడో పట్టుబడింది.

రెండో రోజు లెక్కల క్లాసు. బీరువాలో డబ్బా లేకపోయినా తెర మీద స్టాకు కనిపిస్తే, మందు పడినట్టే భావించి వైరస్ అణిగి ఉండాలి. 2022లో మందులు దొరకడం లేదంటూ బాధితులు ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) ఆఫీసు ముందు వారాల తరబడి బైఠాయించారు. దేశం మొత్తం మీద చూస్తే నిల్వలకు లోటు లేదని సర్కారు సెలవిచ్చింది. అప్పటికే ఈ క్లాసు అయిపోయి ఉంటే వైరస్ సర్కారు మాటే నమ్మేది!

మూడో రోజు బదిలీలు. శ్రీకాకుళం కూలీ పని వెతుక్కుంటూ చెన్నై వెళతాడు. ఇక్కడ ‘ట్రాన్స్‌ఫర్ ఔట్’ నొక్కాలి, అక్కడ ‘ట్రాన్స్‌ఫర్ ఇన్’ నొక్కాలి. ఈ రెండు నొక్కుళ్ళ మధ్య రోజుల్లో వైరస్ సెలవు పెట్టాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే.

చివర్లో పోస్ట్‌టెస్టు. ప్రశ్న: రోగికి మాటిమాటికీ మందు అందకపోతే నువ్వేం చేస్తావు? సరైన జవాబు: సర్వర్ వచ్చేదాకా వేచి ఉంటాను. వైరస్ రాసే జవాబు: రూపం మార్చుకుంటాను, పాత మందుకు లొంగను. ఫెయిల్! మళ్ళీ శిక్షణ.

కంప్యూటర్ మీద నాకు కోపం లేదు. ఏ సెంటర్లో ఏ మందు నిండుకుంటోందో అది ముందే చూపిస్తే దానికి దండం పెడతాను. చూపించాక మందు పంపించాల్సిన వాళ్ళకు శిక్షణ ఎప్పుడు? ఈ సెంటర్లను నడిపేది ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీదే బతుకుతున్న మనుషులు. ఖాళీ పోస్టు పని కూడా వాళ్ళ నెత్తినే పడుతుంది. ఖాళీ కుర్చీకి ఏం నేర్పుతారు?

మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ మొదలైంది 2004 ఏప్రిల్ 1న. ఆఫ్రికా దేశాల వాళ్ళు మింగే మాత్రలు ఎన్నో హైదరాబాద్ కంపెనీలు తయారుచేసినవే. అలాంటి గడ్డ మీద, కూలి మానుకుని, ఇంటిపక్క వాళ్ళకు ఏదో అబద్ధం చెప్పి బస్సెక్కి వచ్చిన ఆడమనిషికి “సిస్టం తీసుకోవట్లేదమ్మా” అని పది రోజుల మాత్రలు పెట్టి పంపుతారా? పది రోజులకోసారి ఏ అబద్ధం చెప్పాలి ఆవిడ? జబ్బు సంగతి గుట్టుగా ఉంచాలని 2017లో చట్టం చేసింది మీరే. ఆ గుట్టును బస్టాండులో రట్టు చేస్తున్నదీ మీరే. ఈ పాపం ఫార్మసిస్టుకు మౌస్ పట్టుకోవడం రాక జరిగింది కాదు.

ఒక్క ఆర్డరు వేయండి: మందు ముందు, ఎంట్రీ తర్వాత. సర్వర్ లేని రోజున కాగితం మీద రాసుకుని, పూర్తి కోటా మాత్రలు చేతిలో పెట్టమనండి. అలా పెట్టినందుకు ఏ కాంట్రాక్టు ఉద్యోగికీ మెమో ఇవ్వబోమని అందులోనే రాసి, కింద మీ సంతకం పెట్టండి.