కోటు ఒకటే, రేటే వేరు

హైదరాబాదు మాదన్నపేట మండీలో మనిషి నెత్తిన ఏదైనా ఉందంటే దానికో పని ఉంటుంది. హమాలీ తల మీది తువ్వాల చుట్ట ఉల్లిగడ్డ బస్తా కోసం. ఆకుకూరలమ్మే అవ్వ కొంగు ఎండ కోసం. నమాజు టోపీ నమాజు కోసం. హెల్మెట్ సంగతే కొంచెం వేరు. అది బండి మీద మోచేతికి వేలాడుతూ వచ్చి, చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు కనబడగానే తలకెక్కుతుంది.

ఈ మధ్య ఈ లెక్కకు అందని తల ఒకటి వచ్చింది. రాత్రి పది దాటి షట్టర్లు దించాక, గల్లీలో ముగ్గురు పిల్లలు ఫోన్లు పట్టుకుని నిలబడితే నాలుగోవాడు ర్యాప్ పాడుతుంటాడు. నెత్తిన బకెట్ టోపీ, మెడలో మోకులాంటి గొలుసు, కళ్లకు నల్లద్దాలు. మా వీధి దీపాలకే అంత వెలుగుంటే నాయకులు ఈపాటికి ఫ్లెక్సీ కట్టించుకునేవారు. పాట మాత్రం బాగుంది. పాతబస్తీ మాట, కింద తీన్‌మార్ దెబ్బ. "తమ్మీ, అద్దాలు తీస్తే ముందున్న గుంత కనబడ్తది గదరా" అన్నాను. "లుక్ అన్నా. గది లేకుంటే ఎవడు సూస్తడు?" అన్నాడు.

వాణ్ని తప్పుపట్టలేం. పెద్ద పెద్ద గాయకులే ఇంటర్వ్యూల్లో ఈ పాఠం చెబుతున్నారు. స్టేజి మీది డ్రెస్సు మా వ్యక్తిత్వం, అంటారు. సంతోషం. మరి ఆ వ్యక్తిత్వాన్ని ఏరిపెట్టడానికి ఒక స్టైలిస్టు, కుట్టడానికి ఒక డిజైనరు, మే నెల హైదరాబాదులో తోలు జాకెట్టు లోపల కారే వ్యక్తిత్వాన్ని తుడవడానికి ఒక అసిస్టెంటు ఎందుకు? పోనీ ఇంత ఖర్చుపెట్టినందుకు ఒకరికొకరు వేరుగా కనిపిస్తారా అంటే అదీ లేదు. నలుగురిని వరసగా నిలబెడితే కన్నతల్లి కూడా ఆధార్ కార్డు అడుగుతుంది.

ఈ విద్యకు పెద్ద బళ్లు విదేశాల్లో ఉన్నాయి. 2014 గ్రామీ అవార్డులకు ఫారెల్ విలియమ్స్ గోపురంలాంటి ఒక టోపీ పెట్టుకొచ్చాడు. వివియన్ వెస్ట్‌వుడ్ తయారీ. అమెరికాలో ఆర్బీస్ అని శాండ్‌విచ్‌లమ్మే కంపెనీ ఉంది, దాని బోర్డు మీది బొమ్మ కూడా అచ్చం అలాంటి టోపీయే. మా టోపీ మాకిచ్చేయవయ్యా అని వాళ్లు సరదాగా అడిగి, చివరికి వేలంలో 44,100 డాలర్లు పోసి నిజంగానే కొన్నారు. ఆ సొమ్ము పిల్లల సేవకు పోయింది కనుక దాని జోలికి పోను. కానీ ఆ రాత్రి అతనికి అవార్డు తెచ్చిన పాటేదో పదిమందిని అడిగి చూడండి. తొమ్మిదిమంది టోపీ గురించే చెబుతారు. అదే పాటకు అతనితో అవార్డు పంచుకున్న డాఫ్ట్ పంక్ జోడీ మొహం మొత్తం కప్పే హెల్మెట్లతో స్టేజి ఎక్కింది. ప్రపంచ సంగీతంలో మా చౌరస్తాలో చలాను పడనివాళ్లు ఆ ఇద్దరే.

మనవాళ్లూ తక్కువ తినలేదు. 'సింహాసనం' పాటలతో 1986లో తెలుగు జనాన్ని ఊపేసిన బప్పీలహరి, ఎల్విస్ ప్రెస్లీ గొలుసు చూసే తనకు బంగారం పిచ్చి పట్టిందని చెప్పుకునేవారు. 2014 ఎన్నికల అఫిడవిట్‌లో ఆయన చూపిన బంగారం 754 గ్రాములు. పాత లెక్కన 65 తులాలకు అటూఇటూ. పాతబస్తీలో ఆ మాత్రానికి పెళ్లికొడుకు తల్లి కుర్చీలోంచి కూడా లేవదు.

మంగళ్‌హాట్ పిల్లగాడు రాహుల్ సిప్లిగంజ్ గొంతు 2023 మార్చిలో ఆస్కార్ వేదిక దాకా పోయింది. ఆ రోజు అతను ఏం తొడుక్కున్నాడో నాకు గుర్తులేదు, పాట గుర్తుంది. 'నాటు నాటు'లో సస్పెండర్లూ గుర్తున్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. వాటిని పట్టి లాగి స్టెప్పు వేశారు. వాటికి పని ఉంది. మండీ లెక్కలో అవి పాసు.

అసలు కోటు సంగతి ఇంకా చెప్పలేదు. 1967లో బీటిల్స్ 'సార్జంట్ పెప్పర్' ఆల్బం అట్ట మీద నలుగురూ నాలుగు రంగుల సాటిన్ బ్యాండు కోట్లలో నిలబడ్డారు. ఆహా ఎంత తెగువ, ఎంత కొత్తదనం అని లోకం ఇప్పటికీ మురుస్తోంది. ఆ కోటుకు తాత ఇంగ్లిషు పల్టన్ బ్యాండు కోటు. అదే తాతకు పుట్టిన ఇంకో మనవడు మన బరాత్‌లో ఎప్పటినుంచో క్లారినెట్ ఊదుతున్నాడు. దగ్గరికెళ్లి చూడండి. ఎర్ర కోటు, భుజాల మీద జరీ కుచ్చులు, ఛాతీకి అడ్డంగా పసుపు తాళ్లు. పై నుంచి మూడు గుండీలు ఇత్తడివి, నాలుగోది ఏదో చొక్కాది, అయిదోదాని చోట పిన్నీసు. చంకల దగ్గర ఉప్పు చారలు. టోపీకి తురాయి ఉంది గానీ ఏ వానలోనో తడిసి ఒక పక్కకు వాలింది. కోటు మేళం యజమానిది, ప్యాంటూ హవాయి చెప్పులూ మాత్రం సొంతం. కొలత అందరికీ ఒకటే, పొడుగోడికి మణికట్లు బయట, పొట్టోడికి వేళ్లు లోపల.

ఈ కోటునే గాయకుడు తొడిగితే స్టైలు, బ్యాండాయన తొడిగితే యూనిఫాం. ఆయన పేరు ఎవరూ అడగరు. "ఓ బ్యాండూ, జర జోరుగా కొట్టు" అంటారు. భోజనాల దగ్గర "మీరు చివర్ల కూసోండి" అంటారు. అదే పెళ్లి సంగీత్‌కు బొంబాయి నుంచి దిగిన గాయకుడు అదే ఎర్ర కోటు, అవే జరీ కుచ్చులతో స్టేజి ఎక్కితే పెళ్లికూతురి తండ్రి ఎదురెళ్లి శాలువా కప్పుతాడు. మే నెలలో కోటు మీద శాలువా!

తెలంగాణలో స్టేజి వేషమంటే గద్దర్‌ని తలుచుకోకుండా కుదరదు. గోచి, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. కెనరా బ్యాంకులో ఉద్యోగం చేసిన మనిషి కట్టిన వేషమే అది, కాదనను. కానీ ఆయన పాట ఎవరి గురించో ఆ గొంగడీ వాళ్లదే. ఇప్పుడు ఆ గొంగడి ఎన్నికల సభలకు చేరింది. నాయకుడి భుజాన దాన్ని వేస్తారు, చేతికి గొర్రెపిల్లను ఇస్తారు, ఫొటో కాగానే గొర్రెపిల్ల గన్‌మన్ చేతిలోకి పోతుంది.

బ్యాండువాళ్లను మరీ ఆకాశానికెత్తుతున్నానని అనుకునేరు. అక్కడా మోసం ఉంది. ఇరవైమంది మేళం కావాలని పార్టీ పట్టుబడితే, ఊదేవాళ్ల మధ్య ఊరికే బూర పట్టుకుని బుగ్గలు ఉబ్బించే ఇద్దరు ముగ్గురిని కోటు తొడిగి నిలబెడతారు. వాళ్లకు కూలి తక్కువ. ఊదనివాడికి ఊదినవాడంత ఇవ్వరు, అది మేళంలో కట్టుబాటు. వెనక రికార్డు నడుస్తుంటే పెదాలాడించే స్టేడియం కచేరీల్లో మాత్రం లెక్క ఇంకా తిరగేసే నడుస్తోంది.