పెద్దలకు మాత్రమే

మొత్తానికి మందుల షాపులకు కూడా ముసలివాళ్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అరవై దాటితే ఇరవై శాతం తగ్గింపు, దివ్యాంగులైతే ఇంకో ఐదు. ఆషాఢం చీరల బ్యానర్ దించకముందే దాని పక్కన షుగర్ మాత్రల బ్యానర్ లేచింది. ఫొటోలో తెల్లజుట్టు దంపతులు పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నారు. అంత నవ్వగలిగేవాళ్లకు మందులెందుకో!

మా పేటలో షాపుకు మూడు మెట్లు. పట్టుకోవడానికి కమ్మీ లేదు, ర్యాంపు ఊసే లేదు. ‘దివ్యాంగులకు ప్రత్యేక రాయితీ’ బోర్డు మాత్రం మెట్లన్నీ ఎక్కాక, తలుపు మీద ఉంటుంది. చక్రాల కుర్చీలో వచ్చినాయన కిందనుంచే చీటీ ఎత్తి చూపిస్తే, “కార్డు ఉన్నవాళ్లే కౌంటర్ దగ్గరికి రావాలండీ” అని లోపల్నుంచి జవాబు.

ఇక యాప్. రాయితీ కావాలంటే యాప్ ఉండాలి, యాప్‌లో ఆధార్ ఉండాలి, ఆధార్‌కు ఓటీపీ రావాలి. “ఓటీపీ చెప్పండి పెద్దాయనా” అంటాడు కుర్రాడు. పెద్దాయన చొక్కా జేబులోంచి బటన్ ఫోన్ తీసి, కళ్లజోడు సవరించుకుని, అందులో ఏమీ లేదని తేలుస్తాడు. ఎందుకుంటుంది? నంబరు కొడుకుది. కొడుకు న్యూజెర్సీలో ఉన్నాడు. ఇక్కడ మిట్టమధ్యాహ్నం, అక్కడ తెల్లవారుజాము రెండు.

“మళ్లీ పంపమంటారా?”

“పంపు బాబూ.”

పంపుతాడు. నిద్రలో ఉన్న కొడుకు ఫోన్ అక్కడ మోగుతుంది, గడువు ఇక్కడ ముగుస్తుంది. వెనక లైనులో వాళ్లు గొణుగుతారు. మూడోసారి సర్వర్ డౌన్. ఒక బీపీ మాత్ర కోసం వచ్చిన మనిషికి అప్పటికే రెండు కావాల్సిన పరిస్థితి. చివరికి అసలు ధర ఇచ్చి వెళ్లిపోతాడు. అయినా బిల్లు అడుగున ‘యాప్‌తో మరింత ఆదా చేయండి’ అని అచ్చవుతుంది.

యాప్ పనిచేసినా గండం గడిచినట్టు కాదు. బిల్లు వెయ్యి దాటాలి. స్ట్రిప్పు మొత్తం కొనాలి. “ఐదు చాలు నాయనా, పింఛను వచ్చాక మిగతావి తీసుకుంటా” అన్న మామ్మగారికి కత్తెరతో సగం కోసిచ్చారు. ధర, గడువు తేదీ రెండూ షాపులో మిగిలిన ముక్క మీదే ఉండిపోయాయి. కోసిన మాత్రలకు రాయితీ వర్తించదట. పది మాత్రలకు డబ్బున్నవాళ్లకు తగ్గింపు, ఐదు మాత్రలకే ఉన్నవాళ్లకు పూర్తి రేటు!

అసలు దేనిమీద ఇరవై శాతం? డబ్బా మీద అచ్చేసిన అంకె మీద. ఆ అంకె వేసింది కంపెనీ. ధరల నియంత్రణ జాబితాలో లేని మందుకు మొదటి ధర దాని ఇష్టం. తర్వాత 2013 నాటి ఉత్తర్వు ప్రకారం ఏటా 10 శాతం పెంచుకోవచ్చు. వంద రూపాయల మందు అలా పెరుగుతూ మూడేళ్లకు 133 అవుతుంది. మీ ఇరవై శాతం తీసేస్తే 106. రాయితీ తీసుకుని కూడా ఆరు రూపాయలు ఎక్కువ కట్టాలి, పైగా థాంక్స్ చెప్పాలి! ఇది దానమా? జేబులోంచి తీసుకున్నదాంట్లో కొంత తిరిగిచ్చి దండ వేయించుకోవడం. చచ్చేదాకా రోజూ మింగాల్సిన మందు మీద ఈ ఆట సిగ్గుమాలిన పని.

ప్రభుత్వానికీ పెద్దలంటే గౌరవమే. రైలు టికెట్టులో వాళ్ల రాయితీని 2020లో తీసేసింది. 2024లో డెబ్బై దాటినవాళ్లకు వయ వందన కార్డు ఇచ్చింది, ఐదు లక్షల దాకా వైద్యం. కానీ ఆసుపత్రిలో చేరితేనే. ఇంటికొచ్చాక 15 రోజుల వరకు మందులు కూడా అందులోవే. పదహారో రోజు మాత్రకు దారి మళ్లీ ఆ మూడు మెట్లే. పక్షవాతం వచ్చి పడిపోతే లక్షలు ఇస్తారు, రాకుండా ఆపే బీపీ మాత్రకు ఆ కార్డు మీద రూపాయి ఇవ్వరు. జెనెరిక్ మందులమ్మే జన ఔషధి దుకాణంలో కొనుక్కోమంటారు. కానీ చీటీలో డాక్టరు రాసింది బ్రాండు పేరు. జెనెరిక్ పేర్లే రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధన తెచ్చి, ఆ నెల తిరక్కుండానే పక్కన పెట్టేసింది.

ధరలు తగ్గించడం చేతకాదా అంటే, చేసి చూపించారు. 2019లో 42 క్యాన్సర్ మందుల మీద వ్యాపారుల లాభానికి 30 శాతం దగ్గర కట్టడి పెట్టారు. 390 బ్రాండ్ల రేట్లు దిగొచ్చాయి, కొన్నిటివి 87 శాతం దాకా. అంటే అంతకుముందు ఆ డబ్బాల మీద ఏ అంకెలు వేశారో ఆలోచించండి. ఆ తగ్గింపు కోసం ఏ రోగినీ వయసెంత అని అడగలేదు, ఓటీపీ అడగలేదు. బీపీ, షుగర్ మందుల మీద అదే కట్టడి ఎందుకు పెట్టరో 2019లో అది పెట్టినవాళ్లే చెప్పాలి.